ఎండపై మోపు నింద

ఏటేటా చైత్రము సగము గడచి, బళ్లారి కోటగుట్ట బండరాళ్లు పగటి వేడిమినంతయు మ్రింగి తెల్లవార్లును కక్కుచుండు కాలము వచ్చినదన్న, ఈ నగరమునుండి గుంతకల్లు మీదుగా గుత్తికిని, ఆలూరు మీదుగా ఆదోనికిని, రాయదుర్గము మీదుగా కల్యాణదుర్గమునకును పోవు బాటలలో, నీడకై వెదకి చెట్టు దొరకక తుమ్మపొద ప్రక్కన నిలిచి, బానెట్టు పైకెత్తుకొని ఆవిరి చిమ్ముచున్న కార్లు కన్నులబడుట సర్వసాధారణము. 1953 అక్టోబరు 1వ తేదీన ఆలూరు, ఆదోని, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకును, బళ్లారియు తక్కిన తాలూకాలును మైసూరునకును చెందిన నాటినుండి మా నడుమ రాష్ట్రపు సరిహద్దు ఉన్నదేగాని, పెండ్లిండ్లకును, ఆస్పత్రులకును, ప్రత్తి బేరములకును, మంత్రాలయ యాత్రలకును జరుగు రాకపోకలను అది యెన్నడును ఆపజాలలేదు. ఆపునది రేడియేటరు మాత్రమే.

నిలిచిన కారు చుట్టును మూగిన నలుగురును పలుకు తీర్పు ఒక్కటే: "ఏం చేస్తావన్నా, ఈ ఎండకు బండి తట్టుకుంటాదా!" కారు యజమానుడును ఆ తీర్పును సంతోషముతో అంగీకరించును, ఏలయన, తప్పు సూర్యభగవానునిదైనపుడు తనది కాదుగదా. ఈ తీర్పు అన్యాయమైనదనియు, ఎండను బోనులో నిలిపి మనము తప్పించుకొనుచున్నామనియు నా అభిప్రాయము.

లెక్క వేసి చూతము. నడచుచున్న ఇంజను చుట్టును తిరుగు ద్రవము సాధారణముగా 90 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమున నుండును. ఆ వేడిమిని రేడియేటరు బయటి గాలికి అప్పగించును. ఎంత అప్పగింపగలదన్నది ద్రవమునకును గాలికిని నడుమగల వ్యత్యాసమును బట్టి యుండును. బయట 30 డిగ్రీలున్న దినమున ఆ వ్యత్యాసము 60. బయట 42 డిగ్రీలున్న దినమున 48. అనగా, కన్నులు మిరుమిట్లు గొలుపు వైశాఖ మధ్యాహ్నము సహితము రేడియేటరు సామర్థ్యములో అయిదవ వంతును మాత్రమే హరింపగలదు. ఆరోగ్యముగానున్న రేడియేటరునకు ఆపాటి అదనపు శక్తి పుట్టుకతోనే కలదు. మన కడప, అనంతపురము ప్రాంతములనుండి పోయి కువైటులో డ్రైవరు వృత్తిచే జీవించుచున్నవారిని అడిగిన యెడల, మన బళ్లారి యెండను చల్లదనముగా నెంచదగిన యెండలో వారి కార్లు దినమంతయు ఏ.సి. వేసికొనియే తిరుగుచున్నవని చెప్పుదురు. సగము పూడిపోయిన రేడియేటరునకు మాత్రము ఆ అయిదవ వంతే ప్రాణాంతకమగును. పదునొకండు మాసములు దాగియున్న దోషము పండ్రెండవ మాసమున బయటపడును.

ఆ దోషము ఏమి? అది తెలియుటకు ఇంజనులో జరుగునదేమో కొంచెము తెలిసియుండవలయును. పెట్రోలు మండుటచే పుట్టిన శక్తిలో స్థూలముగా మూడవ వంతు బండిని నడపును. ఇంకొక మూడవ వంతు పొగగొట్టము దారిన పోవును. తక్కినది ఇంజను లోహములోనికి దిగును. సిలిండరులో వాయువుల వేడిమి క్షణకాలము 2000 డిగ్రీలను దాటును; దానిపై మూతవలె బిగింపబడిన హెడ్డు అల్యూమినియముతో చేయబడినది, ఆ లోహము 660 డిగ్రీలకే కరగును. కరగక నిలిచియున్నదన్న, నిమిష నిమిషమును దాని వేడిమిని తోడిపోయు ద్రవప్రవాహమే కారణము. 1886లో కార్ల్ బెంజు పేటెంటు పొందిన మూడు చక్రముల బండిలో నీరు కాగి ఆవిరియై పోవుచుండ మరల పోసికొనుటయే ఉపాయము. 1900–1901 ప్రాంతమున విల్‌హెల్మ్ మేబాకు తేనెపట్టు వంటి రేడియేటరును మెర్సిడెసు కారునకు అమర్చిన పిదపనే, పోసిన నీటినే చల్లార్చి మరల మరల వాడుకొను పద్ధతి స్థిరపడినది.

అయినను మన అలవాటు మాత్రము బెంజు కాలముననే నిలిచినది. దీనికి కారణము లేకపోలేదు. అంబాసిడరు, ఫియటు కార్లను నడపిన తరమువారు ప్రాతఃకాలముననే మూత విప్పి నీరు చూచుకొనెడివారు. వేడెక్కిన నీరు వ్యాకోచించి పొంగి నేలపాలగుచుండుటచే, డిక్కీలో నీళ్ల డబ్బా లేని డ్రైవరు డ్రైవరే కాడు. ఆ కార్లకు అది ధర్మము. నేటి కార్లలోని ద్రవమార్గము మూసికొనియుండు మార్గము: పొంగిన ద్రవము ప్రక్కనున్న ప్లాస్టికు డబ్బాలోనికి పోయి, చల్లారినపుడు తిరిగి వచ్చును. ఇట్టి మార్గములో మట్టము చెప్పుకోదగినంతగా తరుగుచున్నదన్న, ఎచ్చటనో కారుచున్నదని యర్థము: హోస్ పైపు చీలికనుండి గాని, క్లిప్పు సందునుండి గాని, వాటర్ పంపు సీలునుండి గాని, అన్నిటికంటె భయంకరముగా గ్యాస్కెట్టు దాటి సిలిండరులోనికి గాని. అప్పుడు నీరు పోయుట వైద్యము కాదు; వ్యాధిని కప్పిపుచ్చుట. తరుగుచున్న నీటిని నెలల తరబడి పోయుచు "బండికి కొంచెం నీళ్లు తాగే అలవాటుంది" అని ముచ్చటగా చెప్పుకొను యజమానులను నేనెరుగుదును.

పోయునది యెట్టి నీరు అన్నది అంతకంటెను పెద్ద ప్రశ్న. తుంగభద్ర కాలువ క్రింది గ్రామములను విడిచిన, ఈ సీమలో చాలచోట్ల ఆధారము బోరు నీరే. బోరు ఎంత లోతునకు దిగిన రాతిలోని లవణములు అంతగా నీటితో పైకి వచ్చును. త్రాగునీటిలో కాఠిన్యము లీటరునకు 200 మిల్లీగ్రాములు దాటరాదనియు, వేరు దారి లేనిచో 600 వరకు ఓర్చుకొనవచ్చుననియు భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. అది మానవుని కడుపునకు విధించిన హద్దు, రేడియేటరు నాళములకు కాదు. స్నానమునకు నీరు కాచు గుండిగ అడుగున తెల్లని పెచ్చు కట్టుటను చూడని యిల్లాలు ఈ ప్రాంతమున నుండదు. ఆ పెచ్చే, వేడిమి తీవ్రముగా నుండు హెడ్డు సందులలోను, దారమంత సన్నని రేడియేటరు నాళములలోను పొరలు పొరలుగా పేరుకొనును. లోహమునకును ద్రవమునకును అడ్డుగోడయై నిలుచును. గుండిగను చింతపండుతో తోమి పెచ్చు వదిలింపవచ్చును. రేడియేటరు లోపలికి చేయి పోదు.

ఈ సంగతి మన ప్రాంతమునకు క్రొత్తదియు కాదు. గుంతకల్లు జంక్షనులో ఆవిరి ఇంజనులు బుసకొట్టుచున్న దినములలో, బాయిలరులను నియమిత కాలమున చల్లార్చి, ప్లగ్గులు విప్పి, పెచ్చును కడిగి వెళ్లగొట్టుట రైల్వేవారికి తప్పనిసరి కర్తవ్యము. నేడు బళ్లారినుండి హొసపేటకు పోవు బాటలో కుడితిని కడనున్న థర్మల్ విద్యుత్కేంద్రమును చూడుడు: బాయిలరులోనికి పోవు నీటినుండి లవణములను సంపూర్ణముగా తొలగించినగాని అట్టి కేంద్రము ఒక్క దినమైన నడువదు. కొంత దూరము పోయిన తోరణగల్లు ఉక్కు కర్మాగారము. కొలుములను చల్లార్చు నీటిని శుద్ధిచేయుటకే అట్టి కర్మాగారములలో ప్రత్యేక శాఖలుండును. ఆ కేంద్రములలో ఉద్యోగము చేసి, లవణరహిత జలము యొక్క మహత్త్వమును దినమంతయు కనులార చూచి, సాయంకాలము ఇంటికి పోవుచు దారిలో బోరింగు నీటిని బిందెతో పట్టి తన కారులో పోయు ఇంజనీరును ఏమనవలయును?

బోరు నీటికి మారుగా కూలెంటు వాడుమన్న, "కూలెంటు అనునది మంచు దేశములవారికి, మనకు నీరు గడ్డకట్టు చలి యెక్కడిది?" అను ఆక్షేపణ ఒకటి తరచుగా వినబడును. వినుటకు తర్కబద్ధముగనే యుండును. వేడిమిని మోయుటలో శుద్ధజలము కూలెంటులోని గ్లైకాలు కంటె మేలైనదనుటయు సత్యమే. అందుచేతనే గ్లైకాలును నీరు కలుపక పోయుట తప్పు. సమపాళ్లుగా కలిపిన మిశ్రమము మైనస్ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. ఆ గుణము మనకు వ్యర్థమే యనుకొందము. కాని రేడియేటరు మూత బిగించియుంచు ఒత్తిడిలో అదే మిశ్రమము 125 డిగ్రీలు దాటినగాని మరుగదు. ఈ గుణము బళ్లారికే కావలసినది. అంతకంటె ముఖ్యమైనది, కూలెంటులో కలిపియుండు తుప్పు నిరోధక ద్రవ్యములు. ఇనుము, అల్యూమినియము, రాగి, రబ్బరు ఒకే నీటిలో నానుచుండగా ఒకదానినొకటి తినివేయకుండ కాపాడునవి అవియే. ఆ ద్రవ్యములు క్రమముగా క్షీణించును. పాతరకపు కూలెంటు రెండేండ్లకు, క్రొత్తరకములు కొన్ని అయిదేండ్లకు మార్చదగినవి. సరియైన గడువును కారుతో వచ్చిన పుస్తకము చెప్పును, ఆ పుస్తకము చాలమంది యిండ్లలో ప్లాస్టికు తొడుగు విప్పకయే భద్రముగా నున్నది. పచ్చ, ఎరుపు, నీలము అను రంగులు తయారీదారుల యిష్టానుసారమైనవి. రంగు కలిసినంతమాత్రాన జాతి కలిసినట్లు కాదు, విజాతీయములను కలిపిన ఒక్కొక్కప్పుడు జిగురై నాళములను మూయును.

లోపలి సంగతి యిట్లుండ, బయటి సంగతి వేరు. సండూరు కొండల ఎర్రమట్టిని ఎరుగనివారు బళ్లారిలో లేరు. చైనాకు ఇనుప ఖనిజము అమ్ముచున్న దినములలో, 2011 జూలైలో సర్వోన్నత న్యాయస్థానము ఈ జిల్లాలో ఖనిజపు త్రవ్వకములను నిలుపు వరకు, లారీల బారు వెనుక నడచిన ప్రతి కారును గేరువా వస్త్రము ధరించిన సన్న్యాసివలె ఇల్లు చేరెడిది. తరువాత త్రవ్వకములు నియమములతో మరల మొదలైనవి. ధూళి తగ్గినదేగాని పోలేదు. దానికి ఆదోని, బళ్లారి బజారులకు పోవు ప్రత్తి లారీలనుండి యెగురు నూగును చేర్చుకొనుడు. ఏ.సి. కండెన్సరు రేడియేటరునకు ముందు భాగమున నుండుటచే, ఈ నూగును ధూళియు కలిసి ఆ రెండింటి సందున దళసరి పొరగా అంటుకొనును. ముందునుండి చూచిన అంతయు శుభ్రముగనే కనబడును. సర్వీసు కేంద్రమున కుర్రవాడు పెద్ద వేగముగల నీటిధారను ముందునుండి కొట్టినచో, పొర లోపలికి దిగబడుటయే గాక, కాగితమంత పలుచని రెక్కలు వంగి గాలి దారి మూసికొనును. మెల్లని ధారతో, ఇంజను వైపునుండి బయటికి కడుగవలయును. పొర దళసరియైనచో రెండింటిని విడదీసియే కడుగవలయును. లారీ వెనుక నత్తనడక నడచునపుడు ఎదురుగాలి ఉండదు, ఫ్యాను ఒక్కటే దిక్కు. అప్పుడు మాత్రమే వేడిమిని చూపు ముల్లు పైకి పోయినచో ఫ్యానును అనుమానింపవలయును. జాతీయ రహదారిపై వేగముగా పోవునపుడు పోయినచో, రేడియేటరు పూడినదనియో ప్రవాహము తగ్గినదనియో తలపవలయును. ఈ మాత్రము సంగతి మెకానికునకు చెప్పగలిగిన యజమానునకు సగము ఖర్చు మిగులును.

ఇక మెకానికుల మాట. వారిపై నాకు గౌరవమే; పూర్వము ఇత్తడి రేడియేటరును విప్పి, నాళములలో కమ్ములు దూర్చి శుభ్రపరచి, టంకము పెట్టి, నూతనముగా చేసి యిచ్చిన పనివారి హస్తకౌశలము, ప్లాస్టికు తలలు బిగించిన నేటి అల్యూమినియపు రేడియేటరులతో పనిలేనిదగుచుండుట విచారకరము. కాని గ్యారేజిలలో వ్యాపించిన ఒక ఆచారమును మాత్రము ఖండింపక తీరదు. బండి వేడెక్కుచున్నదని పోయిన, కారణము వెదకుటకు మారుగా థర్మోస్టాటు వాల్వును పెరికి పారవేయుదురు. "వాల్వు తీసేసినా సార్, ఇంగ వేడెక్కేదే ల్యా" అని అభయమిత్తురు. లోపల మైనము నింపిన ఆ చిన్న వాల్వు ఇంజను చల్లగా నున్నపుడు రేడియేటరు దారిని మూసి, 80, 90 డిగ్రీల నడుమ తెరచుట ఆరంభించును. అది లేని ఇంజను తగినంత వేడెక్కక, ఇంకను చలిగానే యున్నదని కంప్యూటరు తలచుటచే అధికముగా పెట్రోలు త్రాగును. నూనె పలుచబడక లోహము అరుగును. కొన్ని కార్లలో ద్రవము అడ్డదారిన పోయి, వేడిమి తగ్గుటకు మారు పెరుగును. చెడిన వాల్వునకు మందు క్రొత్త వాల్వు; దాని వెల స్వల్పము. ఫ్యానును స్విచ్చుతో సంబంధము లేకుండ "డైరెక్టు" చేయుటయు, కారు రేడియేటరులో పసుపు పొడి వేసి రంధ్రము పూడ్చుటయు ఈ సంప్రదాయమునకు చెందినవే. ఊరు చేరుటకు పసుపు ఉపకరించిన ఉపకరించునుగాక. చేరిన తరువాతను దానినే నమ్ముకొనుట యేల?

పూర్వపు కార్లలో వేడిమిని చూపు ముల్లు ప్రతి డ్రైవరు కన్నుల ముందును ఉండెడిది. నేడు అనేకములైన చిన్న కార్లలో దానిని తీసివేసి ఒక్క ఎర్రదీపమును పెట్టినారు. ముల్లు కదలుచుండగా పొందు హెచ్చరిక దీపమువలన లభింపదు. అది వెలుగు వేళకు సమయము మించిపోవచ్చును. ఇంకొక రహస్యము: ద్రవమంతయు కారిపోయిన యెడల సెన్సారు వట్టి గాలిలో నిలిచి తక్కువ వేడిమినే చూపవచ్చును. కావున తీపి వాసనయో, ఆవిరియో, ఇంజను బలము హఠాత్తుగా తగ్గుటయో కనుపించిన, దీపము వెలుగలేదని ధైర్యము తెచ్చుకొనరాదు. ఏ.సి. ఆపి, హీటరున్నచో పూర్తిగా త్రిప్పి, అద్దములు దించి, ప్రక్కకు తీసి నిలిపి ఇంజనును ఆపవలయును. ఎండలో హీటరు వేయుమనుట వింతగా తోచును గాని, అదియు ఒక చిన్న రేడియేటరే. మూతను మాత్రము ముట్టరాదు. ఒత్తిడి తొలగిన క్షణముననే లోపలి నీరు భగ్గున మరిగి మోముపై బడును. తొందరపాటుచే చేతులు, మోము కాల్చుకొన్నవారిని ప్రతి గ్యారేజియు ఎరుగును. అరగంటకు పైగా ఆగి, పై హోస్ పైపు చేతికి ఓర్చునంతగా చల్లారిన పిమ్మట, గుడ్డ వేసి మెల్లగా విప్పవలయును. కాగిన హెడ్డుపై చల్లనీరు కుమ్మరించిన అది వంగిపోవచ్చును, చీలిపోవచ్చును. ఇట్టి ఆపత్కాలమున బోరు నీరైనను పోసి ఊరు చేరుట తప్పు కాదు. మరునాడు దానిని పూర్తిగా దింపించి, కడిగించి, సరియైన మిశ్రమము నింపింపకుండుటయే తప్పు.

దింపిన కూలెంటును ఏమి చేయుచున్నాము? గ్యారేజి ముందరి కాలువలో పోయుచున్నాము. ఎథిలీను గ్లైకాలు రుచికి తియ్యనిది, మూత్రపిండములకు విషము. కుక్కలు, ఆవులు దానిని నాకును, శీతల పానీయపు సీసాలో నింపియుంచినచో పిల్లలు త్రాగుదురు. ఆయిలు పీపాల ప్రక్కన దీనికొక పీపాను పెట్టుమని గ్యారేజి యజమానులను పురపాలక సంఘములు నిర్బంధించుట కష్టమైన పని కాదు.

వారంటీ గడచువరకు కంపెనీ సర్వీసువారు ఏదో యొక కూలెంటును మార్చుచునే యుందురు. అటుపిమ్మట కారు చేతులు మారును, కే.ఏ. 34 పలక గల కారు ఆదోనిలోను, ఏ.పి. పలక గల కారు బళ్లారిలోను అమ్ముడుపోవును. కొనువాడు టైర్లు తన్ని చూచును, తలుపులు మూసి చప్పుడు వినును, రంగుపై వ్రేలు రాచును. చల్లగానున్న వేళ రేడియేటరు మూత విప్పి లోపల తుప్పునీరున్నదా, ఆయిలు మూత అడుగున మజ్జిగ వంటి నురుగున్నదా యని చూచువాడు అరుదు. సొంత కార్లకు మొదటి 15 ఏండ్లవరకు ఫిట్‌నెస్ పరీక్ష చట్టమున లేదు. కావున ప్రభుత్వము వచ్చి మూత విప్పునని యెదురుచూచుట వ్యర్థము. సంవత్సరమునకొకసారి ఫాల్గుణ మాసమున, పైపులను ఒత్తిచూచి, బెల్టును, మూత స్ప్రింగును పరీక్షించి, చేతిపంపుతో మార్గములో ఒత్తిడి యెక్కించి కారుటను కనిపెట్టి, కూలెంటు పాలు కొలిచి చూపుమని గ్యారేజివారిని నోరు తెరచి అడుగవలయును. అట్టి పరికరములు లేని గ్యారేజివారు నలుగురు అడిగినపుడు తెప్పించుకొందురు. కూలెంటునకు పట్టునది కొన్ని వందల రూపాయలు. వంగిన హెడ్డును చదునుచేసి గ్యాస్కెట్టు మార్చుటకు పట్టునది వేలు, ఇంజను పట్టివేసిన పదుల వేలు.

పెట్రోలు బంకులలో గాలిని, త్రాగునీటిని ఉచితముగా ఇయ్యవలయునని చమురు కంపెనీల నియమము కలదు. ఆ గాలియంత్రము ప్రక్కననే లవణరహిత జలపు డబ్బాలను, కలిపి సిద్ధముచేసిన కూలెంటును సరసమైన ధరకు అమ్మకమునకు ఉంచిన, దారిలో మట్టము తగ్గినవాడు బోరింగు కడకు బిందెతో పరుగెత్తవలసిన పని తప్పును. గుత్తి, ఆలూరు, రాయదుర్గము బాటలలోని బంకు యజమానులు ఉగాదికి ముందే అట్టి డబ్బాలను తెప్పించి పెట్టుకొందురేని, సరిహద్దునకు ఆవలివారును ఈవలివారును సమానముగనే కొందురు.